పూలి పాడే స్వాగతం

"పేరు కొట్టేయించు" అన్నాడు బాలకృష్ణ మూడోసారి.

మొదటిసారి స్నానం చేస్తూ అన్నాడు. రెండోసారి చొక్కా గుండీలు పెట్టుకుంటూ అన్నాడు. మూడోసారికి జొన్నరొట్టె ముందు కూర్చున్నాడు కాబట్టి గొంతు కాస్త తగ్గింది. రొట్టె చేసే మనిషి మీద గొంతు పెంచితే ఏమవుతుందో పన్నెండేళ్ల కాపురంలో ఎరిగినవాడే.

కవిత పెనం మీద రొట్టె తిప్పి, చేత్తో ఒక దెబ్బ వేసింది.

"నేను రాయిస్తే గదా నేను కొట్టేయించేది. నీ బిడ్డ రాయించింది. పోయి నీ బిడ్డనే అడుగు."

ఆ బిడ్డ, మూడో తరగతి శ్రావణి, గడప మీద కూర్చుని బూటు లేసు కట్టుకుంటోంది. అప్పటికి నాలుగుసార్లు కట్టి నాలుగుసార్లు విప్పింది. ఇంట్లో గొడవ తన గురించే అయినప్పుడు పిల్లలకు లేసులతో చాలా పనుంటుంది.

జరిగింది పెద్ద విషయమేమీ కాదు. బిషప్పు మేత్రాసనంలోని కథోలిక బడులన్నీ ఏడాదికొకసారి జరుపుకునే వారోత్సవం వచ్చింది. సోమవారం పుస్తకాల రోజు, మంగళవారం పనిమంతుల రోజు, అట్లా వరుసగా వెళ్లి శుక్రవారం అవ్వాతాతల రోజుతో ముగుస్తుంది. ఆ రోజు మొదట పాడటానికి మీ ఇళ్లలో పెద్దవాళ్లకెవరికైనా స్వాగతం పాట వచ్చా అని టీచరు అడిగింది. మా దాదికి, అంటే నాయనమ్మకు, వచ్చు, చుట్టాలొస్తే పాడుతుంది అని శ్రావణి చెయ్యెత్తింది. టీచరు సంబరపడి, "స్వాగత గీతం: శ్రీమతి పూలి" అని రంగు చాక్‌పీసులతో నోటీసు బోర్డు మీద రాసేసింది.

పిల్ల అబద్ధమాడలేదు. చిక్కంతా అక్కడే ఉంది.

లంబాడీ ఆడవాళ్లు అయినవాళ్లను చాలాకాలానికి చూస్తే నవ్వుతూ చేతులు జోడించరు. ఒకరి భుజం మీద ఒకరు తల ఆనించి, గొంతెత్తి ఏడుస్తారు. ఆ ఏడుపుకు రాగముంది, మాటలున్నాయి. నిన్ను చూడని ఇన్నాళ్లలో నా ఇంట ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఏ గేదె ఈనింది, ఏ కోడలు ఎదురు చెప్పింది, అంతా ఆ రాగంలోనే వస్తుంది. ఇవతలామె చెప్పడం అయ్యాక అవతలామె అందుకుంటుంది. కడుపులోది ఖాళీ అయ్యాక కళ్లు తుడుచుకుని చాయ తాగుతారు. ఏడవకుండా పలకరించారంటే చుట్టరికం తెగినట్టే.

"అది స్టేజి మీద పాడేదా?" అన్నాడు బాలకృష్ణ. "ఫాదర్ వస్తడు, మా ఎంపీడీవో సారు వస్తడు. వాళ్ల ముంగట యాడి శోకం అందుకుంటే ఎవలో పోయిండ్రనుకుంటరు. రేపు ఆఫీసుల నా మొకం యాడ పెట్టుకోవాలె?"

"ఉన్నకాడనే పెట్టుకో. మొకం మార్చమన్నరా ఎవలన్న?"

శ్రావణి కిసుక్కున నవ్వి, వెంటనే లేసు మీదికి వంగింది.

బయట మేకలకు సుబాబుల్ కొమ్మలు వేస్తున్న ఆ యాడి, బాలకృష్ణ తల్లి పూలి, ఇదంతా విన్నది. మోచేతి నుంచి భుజం దాకా తెల్లటి గాజులు, రవికెకు అద్దాలు, తలమీద ముసుగు. అరవై దాటినా నడుము వంగలేదు. మాట కూడా వంగలేదని తండాలో అంటారు. కొడుకు అంత లొల్లి చేస్తున్నా ఆమె పాడతాననలేదు, పాడననలేదు. కొమ్మలు వేసి, చేతులు దులుపుకుని, మేక చెవి నిమురుతూ నిల్చుంది.

బాలకృష్ణ ఆ నిమరడం చూసి, సగం రొట్టె పళ్లెంలోనే వదిలి లేచాడు.

---

తాను అడిగితే పని అయిపోతుందనుకుని, కూతురిని బండి మీద ఎక్కించుకుని తానే బడికి వెళ్లాడు.

పినపాక వెళ్లే రోడ్డు పక్కన, టేకు చెట్ల నడుమ ఉంటుంది సిస్టర్ల బడి. రెండొందల మంది పిల్లల్లో కథోలికులు పది పన్నెండు ఇళ్లవాళ్లు. మిగతావాళ్లు తండాల పిల్లలు, కోయగూడేల పిల్లలు, ఊరి అంగళ్లవాళ్ల పిల్లలు. గుడిగంట మోగితే అందరూ ఒక్కలాగే చేతులు కట్టుకుంటారు. అన్నం గంట మోగితే అందరూ ఒక్కలాగే ఉరుకుతారు.

ఆ రోజు పుస్తకాలను నెత్తిన పెట్టుకుని, కట్టెలమోపు తెచ్చినట్టు ఒక చేత్తో పట్టుకుని, వరుసగా ఊరేగింపు తీశారు పిల్లలు. ఎదురైన ప్రతి మనిషికీ ఒక పేజీ చదివి వినిపించాలని కట్టడి. బస్సు డ్రైవరు ఇంజను ఆపి ఒక నక్క కథ విన్నాడు. కిరాణా కొట్టు ముందు కూర్చున్న ముసలాయన ఒకే పేజీ ముగ్గురి దగ్గర విని, ముగ్గురిలో ఆఖరమ్మాయి చదివిందే బాగుందని తీర్పు చెప్పాడు. ఒకటో తరగతి పిల్లవాడికి వినేవాళ్లు దొరకక ఒక మేకను పట్టుకున్నాడు. మేక సగం పేజీ విన్నది, మిగతా సగం తిన్నది.

హెడ్‌మిస్ట్రెస్ లూర్దు సిస్టరు గుంటూరు వైపు మనిషి. వచ్చి ఎనిమిది నెలలైంది. ఎండకు నెత్తిన ముసుగు మీద ఇంకో తువ్వాలు కప్పుకుని, పిల్లల వెనకే పరుగులు తీస్తోంది. బాలకృష్ణ ఆమెను ఒక పక్కకు పిలిచి, చాలా మర్యాదగా, చాలా చుట్టు తిప్పి, అది పాట కాదు మేడమ్, ఏడుపు అని చెప్పాడు. శుభకార్యంలో బాగుండదన్నాడు. చిన్నపిల్లలు జడుసుకుంటారన్నాడు.

సిస్టరు కళ్లు పెద్దవి చేసుకుని విన్నది.

"చుట్టం వస్తే సంతోషంతో ఏడుస్తారా అండీ? ఏడుస్తూ కబుర్లన్నీ చెప్పేసుకుంటారా?"

"అవ్ మేడమ్. అందుకే..."

"మేము అరగంట ప్రార్థనలో కూడా అంత దాచకుండా చెప్పుకోం కదండీ. దాన్ని అందరికంటే ముందు పెడతాను." ఆమె అక్కడికక్కడే జేబులోంచి కాగితం తీసి ఏదో గీసింది. "పైగా ఆవిడ ఒక్కరే పాడక్కర్లేదు. హాస్టల్లో నాగలత ఉంది కదా, వాళ్ల అవ్వ దుమ్ముగూడెం నుంచి వస్తున్నారు. ఆవిడా మీ అమ్మగారూ సొంత అక్కచెల్లెళ్లటగా. పిల్లలిద్దరూ ఎప్పుడో చెప్పారు నాకు."

చిన్నమ్మ దేవ్లి వస్తోంది.

బాలకృష్ణ బండి దగ్గరికి నడిచాడు. తాళంచెవి ఏ జేబులో ఉందో రెండు నిమిషాల దాకా దొరకలేదు.

ఆఫీసులో మొకం చెల్లదన్నదంతా పైమాట. అసలు భయం వేరే ఉంది. అది అతను మూడున్నరేళ్లుగా మోస్తున్నది.

గోదావరి పొంగి భద్రాచలం వంతెన మీద బండ్లు ఆపేసిన ఆ వానాకాలంలో తండ్రి తుల్సీరాం పోయాడు. కబురు అందగానే అవతలి ఒడ్డు నుంచి చిన్నమ్మ దేవ్లి ఫోను చేసింది. "మీ యాడికి చెప్పు, నేను వచ్చేదాక బావను ఎత్తకుండ ఆపమను. పడవ మాట్లాడుతున్న, ఎట్లన్న దాటి వస్త" అంది. ఆ నీళ్లలో పడవా? దేవ్లి అన్నంత పనీ చేసే మనిషి. ఒక చావు చాలదా అనిపించింది అతనికి. ఆలోచించకుండా నోటికొచ్చింది చెప్పాడు: "యాడి నిన్ను రావొద్దంటుంది చిన్నమ్మా."

 అవతల దేవ్లి ఫోను పెట్టేసింది.

వరద తీసిన ఐదో రోజు, రావొద్దన్నా సరే, దేవ్లి వచ్చింది. చెల్లెలు ఒక్క ఫోనన్నా చెయ్యలేదన్న మంటలో ఉన్న పూలి ఆమెను పొడికళ్లతో చూసింది. భుజం ఇవ్వలేదు. "తిను" అని పళ్లెం పెట్టింది. దేవ్లి ఆ పళ్లెం ముట్టకుండానే వెళ్లిపోయింది. అప్పుడన్నా నోరు తెరవాల్సింది బాలకృష్ణ. రేపు చెబుదాం అనుకున్నాడు. రేపటికి అది ఇంకాస్త బరువెక్కింది. ఏడాదికి అది ఎత్తలేని బండ అయింది.

ఇప్పుడు ఇద్దరూ ఎదురుపడి పాట అందుకుంటే, ఇన్నాళ్ల సంగతులన్నీ వరుసగా వస్తాయి. ఆ వరుసలో ఆ ఫోను కూడా వస్తుంది.

---

మంగళవారం కాస్త ఊపిరాడింది.

పనిమంతుల రోజున తల్లిదండ్రులు వచ్చి తమ పని పిల్లలకు నేర్పాలి. మణుగూరులో మైకుసెట్ల దుకాణం నడిపే మజహర్ పెట్టె విప్పి, గొంతు తీగలో పడి ఎట్లా పోతుందో చూపించాడు. పిల్లలంతా వరుసకట్టి మైకులో తమ పేరు చెప్పుకున్నారు. తమ పేరు టేకుచెట్లకు తగిలి వెనక్కి రావడం విన్నాక, మళ్లీ వరుస చివరికి పోయి నిలబడ్డారు. మజహర్ కూతురు సుమేరా మాత్రం ఆ పెట్టె తనదేనన్నట్టు మీట దగ్గర కూర్చుని, ఎవరికి ఎంత శబ్దమివ్వాలో తేల్చింది.

ఇంటికొచ్చాక పూలి అన్నం ముందు తనంతట తానే నోరు విప్పింది. పాడను అన్నది. శ్రావణి ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"ఎందుకు దాదీ?"

"అది ఒక్కదాన్ని పాడేది కాదు బిడ్డా. ఎవల భుజం మీద ఏడ్వాలె? మైకు భుజం మీదనా? మనిషి కావాలె, ఆ మనిషి నాదై ఉండాలె. విస్తరాకులు కుట్టుడు నేర్పుత, మీ టీచర్‌కు చెప్పు."

బాలకృష్ణ ఆ పూట ఇంకో గరిటె అన్నం వేయించుకున్నాడు. వచ్చేది దేవ్లి అని తల్లికి చెప్పాల్సిన సమయం అది. పప్పు బాగుందన్నాడు.

కవిత అతని వైపే చూస్తూ ఉండిపోయింది. పప్పు ఆ రోజు మాడింది.

---

బుధవారం కృతజ్ఞతల రోజు. ఊరికి పనికొచ్చేవాళ్లందరికీ పిల్లలు ఉత్తరాలు రాశారు. కరెంటు తీగలు సరిచేసే తిరుపతికి పదకొండు ఉత్తరాలొచ్చాయి. పదింట్లో థాంక్స్ ఉంది. ఒకదాంట్లో మాత్రం క్రికెట్ మ్యాచ్ ఉన్నప్పుడు తియ్యొద్దని ఉంది. హాస్టల్ వంటామె తన ఉత్తరాన్ని రవికెలో దోపుకుని, రోజంతా తీసి తీసి చదివించుకుంది.

బాలకృష్ణకు ఆఫీసులో బల్ల మీదికి వచ్చింది ఒకటి. కవరు మీద నెమలి బొమ్మ.

"నాయినా, దాది పాడటానికి నువ్వు ఒప్పుకున్నందుకు థాంక్స్. నువ్వు ఇంకా ఒప్పుకోలేదని నాకు తెలుసు. ఉత్తరాలు ఇవాళే రాయాలన్నారు, అందుకే ముందే రాస్తున్న. ఇట్లు నీ బిడ్డ శ్రావణి."

ఎంపీడీవో వెంకటరామారావు భుజం మీదుగా వంగి చదివి, పొట్ట పట్టుకుని నవ్వి, ఏమి పాటయ్యా అది, శుక్రవారం తప్పకుండా విందాం అన్నాడు.

సాయంత్రం పొద్దుండగానే మిర్చి కల్లానికి వెళ్లాడు. ఎర్రగా ఆరబోసిన కాయల్లో కవిత తాలుకాయ ఏరుతోంది. అతనూ పక్కన కూర్చుని ఏరసాగాడు. అడగకుండా పనిలో చెయ్యి పెట్టాడంటే లోపల ఏదో ఉందని ఆమెకు తెలుసు. కదపలేదు. ఒక బుట్ట నిండింది. రెండో బుట్ట సగమైంది.

"పాటంటే నీకెందుకు అంత భయం?" అన్నది అప్పుడు.

అతను చెప్పాడు. తల ఎత్తకుండా, కాయలు ఏరుతూనే, ఫోను నుంచి పొడికళ్ల దాకా మొత్తం చెప్పాడు. చెప్పేసరికి తాలుకాయల్లో మంచికాయలు, మంచికాయల్లో తాలుకాయలు కలిపేశాడు.

 కల్లం చివర కాకి ఒకటి కాయను ముక్కున కరుచుకుని, ఘాటు తగిలి వదిలేసి ఎగిరిపోయింది.

"ఏడుస్తున్నవా, మిర్చి ఘాటా?" అంది కవిత.

"ఘాటే."

"మంచిది. మూడున్నరేండ్లు ఒక ముసలిదాన్ని గట్ల ఒంటిగ కూసోబెట్టినవ్. పండుగొస్తే చెల్లె ఊరి దిక్కు చూసి చూసి లోపలికి పోయేది. నేను చూసిన. నువ్వు గూడ చూసినవ్."

"చిన్నమ్మ నీళ్లల్ల పోతదని భయపడ్డ కవితా."

"ఆ దినం చెప్పిందానికి నిన్నేమంటలేను. దాని తెల్లారి నుంచి చెప్పకుండ ఉన్నదానికి అంటున్న." కొంగుతో ముక్కు తుడుచుకుని, అతను కలిపేసిన బుట్టను మళ్లీ కింద గుమ్మరించింది. "నేను చెప్పను. అది నీ నోటితోనే పోవాలె. పాట చెప్పేలోపల నువ్వు చెప్పు. రేపొక్క దినమే ఉన్నది."

---

గురువారం బడిలో ఆటల పోటీలు. ఆటలయ్యాక శుక్రవారం భోజనాలకు విస్తళ్లు కుట్టాలని అవ్వలు ముందే వచ్చారు. బాలకృష్ణ అరపూట సెలవు పెట్టి, అడవిలో కోసిన అడ్డాకు మోపును బండికి కట్టి, వెనక తల్లిని ఎక్కించుకుని వెళ్లాడు. దారిలో చెబుదామనుకున్నాడు. బండి చప్పుడులో వినపడదని ఆగాడు. వాగు దగ్గర దిగి నడవాల్సి వచ్చినప్పుడు చెబుదామనుకున్నాడు. ఆకులు తడుస్తాయని ఆగాడు. చెప్పదలచని మనిషికి దారి పొడవునా కారణాలే.

బడి వరండాలో పూలి చుట్టూ ముప్పై మంది పిల్లలు మూగారు. ఆకు నిగనిగలాడే వైపు పైకి, ఈనె లోపలికి. పుల్ల గుచ్చి, తుంచి, మళ్లీ గుచ్చి. ఆమె వేళ్లు చెబుతుంటే నోటికి పని లేకపోయింది. సుమేరా మొదటి విస్తరి చెరువు మ్యాపులా వచ్చింది. లూర్దు సిస్టరుది అంతకంటే అన్యాయం. పూలి దాన్ని ఎత్తి వెలుతురుకు పట్టి చూసి, దీంట్లో చారు పోస్తే కిందికి కారినదాంతో చెప్పులు కడుక్కోవచ్చు అన్నది. సిస్టరు నవ్వి నవ్వి గోడకు ఆనుకుంది.

పిల్లలు నీళ్లకు పోయిన ఒక్క క్షణం దొరికింది.

"యాడీ" అన్నాడు బాలకృష్ణ.

"రేపు దేవ్లి వస్తదంట" అంది పూలి ఆకు మీది నుంచి కళ్లు తిప్పకుండా. "నీ బిడ్డ నోట్ల ఏం ఆగుతది? నిన్ననే చెప్పింది."



"మరి... ఏం చేస్తవ్?"

"దాని మొకం చూస్త. ఏడుపొస్తే ఏడుస్త. రాకపోతే ఆకులు కుట్టుకుంట కూసుంట." పుల్ల తుంచింది. "ఒక్క ఫోను చెయ్యలే బాలూ, అది. నీళ్లు అడ్డమున్నయ్, రాలే, సరే. ఫోనుకు నీళ్లు అడ్డమా? నాకదే సమజ్ కాదు."

"యాడీ, ఆ దినం..."

నీళ్లు తాగిన ముప్పై మందీ ఒక్కసారిగా తిరిగొచ్చి మీద పడ్డారు. నాది చూడు దాదీ, నాది చూడు. బాలకృష్ణ ఆ పిల్లలను మనసులో దీవించాడు. దీవించినందుకు వెంటనే సిగ్గుపడ్డాడు కూడా. 

---

శుక్రవారం పొద్దున బడి పెళ్లిపందిరిలా ఉంది. మామిడాకులు, రంగు కాగితాలు, మజహర్ కట్టిన రెండు పెద్ద స్పీకర్లు. ఫాదర్ వచ్చాడు. ఎంపీడీవో వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. తండాల నుంచి, గూడేల నుంచి, బస్తీ నుంచి వచ్చిన అవ్వాతాతలను మనవలు వేళ్లు పట్టుకుని లాక్కొస్తున్నారు. నా అవ్వ పెద్దది, కాదు నా తాత పెద్దోడు అని పోట్లాడుకుంటున్నారు.

గేటు దగ్గర ఆటో ఆగింది. దేవ్లి దిగింది. అక్క కంటే పొట్టి, అక్క కంటే బక్కపలచన, అవే తెల్లగాజులు. నాగలత ఆమె చెయ్యి పట్టుకుంది. ఇటు నుంచి శ్రావణి పూలి చెయ్యి పట్టుకుంది. ఇద్దరు పిల్లలూ ముందే మాట్లాడుకున్నట్టు అవ్వలను పందిరి నడుమకు తెచ్చి, పది అడుగుల ఎడంలో నిలబెట్టి, పక్కకు తప్పుకున్నారు.

పూలి చెల్లెలిని చూసింది. కళ్లు పొడిగానే ఉన్నాయి.

దేవ్లి నేల చూసింది. సంగతి తెలిసిన తండావాళ్లు నలుగురైదుగురు ఒకరినొకరు చూసుకున్నారు. ఏమీ తెలియని మిగతావాళ్లు విసనకర్రలు విసురుకుంటున్నారు.

లూర్దు సిస్టరు మైకు అందుకుంది. "ఇప్పుడు స్వాగత గీతం" అని ప్రకటించింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లకో, మరి దేనికో, దేవ్లి తలెత్తింది.  ఆమె ముందుకు రాలేదు. చిన్నది కదా, పెద్దది పిలవందే రాకూడదు.  మరుక్షణం ఆ పదడుగులూ ఎవరు నడిచారో ఎవరూ చూడలేదు. తెల్లగాజులు తెల్లగాజులకు తగిలిన చప్పుడు మాత్రం విన్నారు. దాని వెనకే పూలి గొంతు, అడవిని చీల్చుకుంటూ.

ఒకటో తరగతి మొత్తం ఏడుపు లంకించుకుంది. వంటామె చెంబుతో నీళ్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. మజహర్ హడలిపోయి సెల్‌ఫోను తీసి అంబులెన్సు కోసం మీటలు నొక్కబోతే సుమేరా చెయ్యి పట్టుకుంది. "అబ్బా, ఆగు. పాటే అది. శ్రావణి చెప్పింది నాకు." ఎంపీడీవో లేచి నిలబడి, ఎవరినో ఓదార్చాలనుకుని, ఎవరినో తెలియక మళ్లీ కూర్చున్నాడు. లూర్దు సిస్టరు అందరికీ చేత్తో సైగ చేసింది, ఏం ఫర్వాలేదని. ఆ చేత్తోనే తన కళ్లు తుడుచుకుంది.

మెల్లగా పందిరి సర్దుకుంది. ఏడుపులోంచి రాగం తేలింది. భాష తెలియనివాళ్లకు కూడా అది ఎత్తుపల్లాలున్న దారిలా వినిపించింది. కోయముసలమ్మ ఒకతె కళ్లు మూసుకుని తల ఊపుతోంది.

పూలి చెబుతోంది. ఇంటిపెద్ద పోయాడు చెల్లీ, మంచంలో సగం ఖాళీ అయింది. మనవరాలు చదువుకుంటోంది చెల్లీ, నా పేరు పలక మీద రాసి చూపించింది. ఎర్రమేక మూడు పిల్లల్ని వేసింది. ఎవరికి చెప్పను, చెప్పుకునేదానివి నువ్వు రాలేదు.

దేవ్లి అందుకుంది. నా ఒడ్డున నేనూ ఏడ్చాను అక్కా. పడవ మాట్లాడాను, గాజులు తీసి మూట కట్టుకున్నాను, మునిగితే బరువని. ఫోను చేశాను అక్కా, నేను వచ్చేదాకా బావను ఆపమన్నాను. నువ్వు రావొద్దన్నావు.

పూలి తిరిగి అందుకోలేదు, రాగం అక్కడే తెగింది.

 పాట అయిపోయిందనుకుని జనం లేచి చప్పట్లు కొట్టారు. ఆ మోతలో అక్క చెల్లెలిని భుజాలు పట్టుకుని, ఆ మాట నా గొంతుతోనే విన్నావా అని అడిగింది. చెల్లెలు తల అడ్డంగా ఊపింది. పూలి కళ్లు ఆమె మొహం మీద నుంచి లేచి, జనంలో వెతకడం మొదలుపెట్టాయి.

సిస్టరు ఆనందంతో ఉబ్బిపోతూ నేరుగా బాలకృష్ణ దగ్గరికి వచ్చింది. మైకు అతని చేతిలో పెట్టింది.

"మీరైతేనే బాగా చెప్పగలరండీ. ఆ తల్లులు ఏమి చెప్పుకున్నారో అందరికీ తెలుగులో చెప్పండి. ఒక్క మాట కూడా వదలొద్దు."

బాలకృష్ణ భార్య వైపు చూశాడు. కవిత సాయం చెయ్యలేదు. అట్లాగని చూపు కూడా తిప్పుకోలేదు.

మొదలుపెట్టాడు. ఖాళీ అయిన మంచం గురించి చెప్పాడు. పలక మీద పేరు గురించి చెప్పినప్పుడు శ్రావణి అందరి వైపూ తిరిగి చూసుకుంది. ఎర్రమేక దగ్గర జనం నవ్వారు. పడవ, మూట కట్టిన గాజులు దగ్గర ఆ నవ్వు తగ్గింది. ఒక్కో మాట చెబుతున్నకొద్దీ ఆ ఒక్క మాట దగ్గరికొస్తోంది. దాన్ని దాటేయొచ్చు. దాటేస్తే ఇక్కడ పట్టుకునేవాళ్లు తండావాళ్లే. మిగతా అందరూ చప్పట్లు కొడతారు, ఎంపీడీవో భుజం తడతాడు.

"మా చిన్నమ్మ ఫోన్ చేసిందంట" అన్నాడు. స్పీకర్లలో అతని గొంతు అతనికే పరాయిదిగా వినిపించింది. "నేనొస్తున్న, బావను ఆపుండ్రి అన్నదంట. మా యాడి రావొద్దన్నదని అటు నుంచి చెప్పిండ్రంట."

ఆగాడు. టేకుచెట్లు ఆ ఆఖరి మాటను తిప్పి చెప్పాయి.

"మా యాడి గట్ల అనలే. ఆమెకు ఫోనొచ్చిన సంగతే ఎరుక లేదు. ఆ ఫోన్ ఎత్తింది నేను. ఆ మాట అన్నది నేను. మూడున్నరేండ్ల నుంచి నోరు మూసుకున్నది గూడ నేనే."

 అనువాదం ఇంకా ఉందనుకుని కొందరు ఎదురుచూస్తున్నారు.

పూలి చెల్లెలి భుజం వదిలింది. జనం తమకు తెలియకుండానే దారి ఇచ్చారు. ముసుగు జారింది, సర్దుకోలేదు. కొడుకు ముందుకొచ్చి నిలబడింది. కళ్లు ఇంకా కారుతూనే ఉన్నాయి, దవడ మాత్రం బిగుసుకుంది. గాజులన్నీ ఒక్కసారిగా భుజం వైపు జారగా కుడిచెయ్యి పైకి లేచింది.

చెంపకో, భుజానికో బాలకృష్ణకు తెలియలేదు. మైకు కిందికి దించి, దేనికైనా అందేలా తల వంచాడు.